తగువు గుంజ

ఉప్పుటేటి సంగతి తేల్చడానికి సర్కారు వేసిన సంఘం పెద్దలు కొండెక్కారు. చైత్రమాసంలో పట్నం ఉడికిపోతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బురద కుళ్ళి గాలిని పాడుచేస్తుంది. అలాంటి చోట కూర్చుని ఆ ఏటిని గురించి ఆలోచించడం దొరలకు సాధ్యం కాదు. కనుక పటాలు, కుర్చీలు, కాగితాల పెట్టెలు, వంటవాళ్ళు అన్నీ ఘాటీ ఎక్కి అరకు లోయలోని బంగళాకు చేరాయి. అభ్యంతరాలున్నవారు అక్కడికే స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చునని పట్నంలో దండోరా వేయించారు. ఏరు సముద్రంతో సమానంగా పారుతుంది, దాని న్యాయం మబ్బులతో సమానంగా కూర్చుంటుంది. ఈ ఏర్పాటులో వింత ఏదైనా ఉందని సంఘంలో ఎవరికీ తోచలేదు.

నిజం చెప్పాలంటే ఆ మొగ ఒడ్డున ఉన్న మొగపేట యర్రమ్మకూ తోచలేదు. ఆ పేటలో చేపలు పట్టే జాలారుల్లో కూడా తగువు తీర్చే పెద్దలు ఏటికి వీపు పెట్టి కూర్చుంటారు. నీళ్ళను చూస్తూ కూర్చుంటే మనసు నీళ్ళ మీదికే పోతుందని వాళ్ళ నమ్మకం. దొరలు మరీ దూరంగా పోయి కూర్చున్నారంటే మరీ గట్టిగా న్యాయం చేద్దామనే కాబోలునని ఆమె అనుకుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, కులపెద్దకు ఇల్లాలుగా ఇరవై ఏళ్ళు తగువులు విన్న మనిషి, ఈ మాట మనస్ఫూర్తిగా అనుకుంది. భర్త పోయాక పెద్దరికం మరిది వరహాలుకు వచ్చింది గాని, పేటలో మాట ఇప్పటికీ ఆమెదే.

ఏరు ఒక్కటే, దాని మీద చెయ్యి వేసినవాళ్ళు చాలామంది. ఓడలు లోపలికి రావాలంటే అడుగు తవ్వి లోతు చెయ్యాలని రేవు కట్టే ఇంజినీరు అన్నాడు. అలా తవ్వితే మడుల్లోకి పోటునీరు ఎక్కదని ఉప్పు కొఠార్ల కౌలుదారు అన్నాడు. ఊరి మురుగు దిగడానికి అంతకన్న మంచి పల్లం లేదని మునిసిపాలిటీవారు అన్నారు. కొండల్లో కొట్టించిన దూలాలు నానబెట్టుకోవడానికి తూర్పు పాయ తనకు కావాలని కలప డిపో వర్తకుడు అన్నాడు. వీళ్ళందరి తాతలూ ఆ ఏటిని చూడకముందునుంచి అందులో వలలు కట్టుకుంటున్న మొగపేటవాళ్ళు ఏమీ అనలేదు. వాళ్ళకు అనవలసిన అవసరం కనబడలేదు. ఊపిరి పీల్చేవాడు గాలి తనదని దరఖాస్తు పెట్టుకోడు.

అనలేదు గాని, ఒక పని చేశారు.

మొగపేటలో ఒక కట్టుబాటు ఉంది. వల కట్టే చోటు గురించి ఇద్దరికి మాట తేడా వస్తే, కులపెద్ద ఏటి మొగలో ఒక తాటిగుంజ పాతించి దానికి నల్లగుడ్డ కడతాడు. అది తగువు గుంజ. అది లేచేదాకా ఆ నీళ్ళలో ఎవరి వలా తడవకూడదు. గెలవబోయేవాడిదీ తడవకూడదు, ఓడబోయేవాడిదీ తడవకూడదు, ఆ తగువుతో ఏ సంబంధమూ లేనివాడిదీ తడవకూడదు. ఎవరివో తేలని నీళ్ళలో పట్టిన చేప దొంగసొత్తు. కట్టుబాటు కఠినమైనదే, ఆ కఠినత్వంలోనే దాని తెలివి ఉంది. గుంజ పాతిన పూటనుంచి పేటలో ఏ పొయ్యీ నిండుగా మండదు. అందరి కడుపులూ ఆ నీళ్ళ మీదే ఆధారపడినవి కనుక, అందరూ కలిసి ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. యర్రమ్మ ఎరిగిన కాలంలో ఏ గుంజా వారం నిలవలేదు.

పుష్యమాసంలో ఉప్పుటేటి సంఘం ఏర్పడిందని కబురు రాగానే యర్రమ్మ తన ఇంటి దూలానికి వేలాడుతున్న నల్లగుడ్డను దింపింది. వరహాలు వెనుకాడాడు.

“ఇది మన కులం తగువు కాదు గదా వొదినా. దొరల తగువుకి మన గుంజేటి?”

“నీళ్ళు మనయ్యే గదా. పెద్దోళ్ళు తీర్పు సెప్పడానికి కూకున్నాక మనం వల తడిపితే దొంగలం మనవే అవుతాం. ముందు మన సెయ్యి సుబ్బరంగా ఉండనీ.”

గుంజ పాతారు. మాఘం వెళ్ళింది, ఫాల్గుణం వెళ్ళింది, గుంజ లేవలేదు. తవ్వే యంత్రం మాత్రం దాని పక్కనుంచే పోతూ వస్తూ ఉంది. ఉప్పు మడుల్లోకి నీళ్ళు పారుతూనే ఉన్నాయి, మురుగు దిగుతూనే ఉంది, దూలాలు నానుతూనే ఉన్నాయి. వలలు మాత్రం దండేల మీద ఎండి పెళుసెక్కాయి. ఆడవాళ్ళు కొఠార్లలో ఉప్పు మోశారు. మగవాళ్ళు రేవుగోడకు రాళ్ళు మోశారు. తమ ఏటిని తమనుంచి మూసే గోడకు తామే కూలికి వెళుతున్నామని వాళ్ళలో కొందరికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా వెళ్ళారు, పిల్లలకు గంజి కావాలి.

ఆ ఆకలి రోజుల్లోనే యర్రమ్మ కూతురు నూకరత్నం పురుడు పోసుకుంది. బాలింతకు పాలు పడలేదు. అల్లుడు ధనరాజు ఒక తెల్లవారుజామున, తింటే పాలు పడతాయనే పాలసొర పిల్ల ఒకటైనా దొరక్కపోతుందా అని, మొగలో విసురువల వేశాడు. దొరికింది కూడా. దాన్ని గుడ్డలో చుట్టుకుని వస్తూండగా గట్టు మీద అత్త ఎదురైంది.

యర్రమ్మ అల్లుడని చూడలేదు. చూస్తే కట్టుబాటు నిలవదని ఆమెకు తెలుసు. పేటంతా చూస్తుండగా, తగువు గుంజ ఎదుట, ఆ వలను తగలబెట్టించింది. సొరపిల్లను ఏట్లోకి విసిరించింది. ధనరాజు ఆనాటినుంచి అత్తతో మాట్లాడడం మానేశాడు. పాలు లేక మనవరాలు ఏడుస్తుంటే యర్రమ్మ గోడకవతల కూర్చుని వినేది. మన చెయ్యి శుభ్రంగా ఉంది, న్యాయం జరిగేది మనకే అని తనకు తాను చెప్పుకునేది.

దండోరా విన్న మర్నాడు ఆమె, వరహాలు బయలుదేరారు. పట్నంనుంచి శృంగవరపుకోట, అక్కడినుంచి ఘాటీ. ఆమె నెత్తిన ఎండు నెత్తళ్ళ తట్ట. పెద్దల ఎదుటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు. అవి ఏటి నీళ్ళు తగువులో పడకముందు ఎండబెట్టినవి. ఆ సంగతి అడిగితే చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉంది.

*

అనంతగిరి దాటి, కొత్తగా వేసిన కాఫీ తోటల పక్కనుంచి వెళుతుండగా దారికి అడ్డంగా ఒక పచ్చి మాను కనబడింది. దాని వెనుక పదిమంది ఆడవాళ్ళు తలల్లో పూలు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. కొండవాళ్ళు చైత్రంలో చేసుకునే ఇటుకల పండుగ రోజులవి. ఊళ్ళో మగవాళ్ళంతా విల్లంబులతో వేటకు పోతారు. ఆడవాళ్ళు బాటకు అడ్డం కట్టి, వచ్చేపోయే వాళ్ళ దగ్గర పండుగ మామూలు పుచ్చుకుంటారు. ఇయ్యనిదే దొరనైనా కదలనివ్వరు.

“ఏటప్పా, ఊరి మొగోళ్ళందరూ అడవిలో ఉంటే నీ మొగుడు నీ ఎనకాల నడుత్తన్నాడేటి?” అంది వాళ్ళలో ముందు నిలబడ్డామె. ఆమె పేరు సోములమ్మ. నుదుటి మీద పచ్చబొట్టు, గొంతులో నవ్వు. “ఇల్లు పట్టలేదా, విల్లు పట్టలేదా?”

మిగిలినవాళ్ళు విరగబడి నవ్వారు. వరహాలు తలపాగా సర్దుకున్నాడు.

“మొగుడు కాదు, మరిది,” అంది యర్రమ్మ. “మేవూ ఏటకే. బంగళాలో కూకున్నోళ్ళని కొట్టడానికి ఎల్తన్నాం.”

“అవ్వో! అయి శానా కొవ్వున్న జంతువులు గదా! బాణం దిగుద్దేటి?”

ఆ మాటకు యర్రమ్మ కూడా నవ్వింది; గుంజ పాతిన తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. తట్ట దించి దోసెడు నెత్తళ్ళు ఇచ్చింది. సోములమ్మ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “సంద్రం ఇలాగుంటాదా,” అంది. కాస్త కూర్చొని అంబలి తాగి వెళ్ళమంది.

అంబలి తాగుతూ యర్రమ్మ గుంజ సంగతి చెప్పింది. పెద్దలు కూర్చున్నారనీ, తీర్పు వచ్చేదాకా తాము వల తడపలేదనీ, అల్లుడి వల కూడా కాల్చాననీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కొంత గర్వం ఉంది. సోములమ్మ చివరిదాకా విని, చేతిలో ఉన్న దొప్పను కింద పెట్టింది.

“ఆ కొండ సూడప్పా,” అంది, ఎదురుగా అడవితో నిండిన వాలును చూపిస్తూ. “అది మా మావది. మూడేళ్ళు పోడు కొట్టి సామలు పండించినాం. తరవాత ఒగ్గీసినాం. కొండకి కూడా నిద్దర గావాల గదా. పదేళ్ళు నిద్దరోతే మళ్ళా పండుతాది. మా తాతలకాడినించీ అంతే.”

“మరేటయింది?”

“ఫారెస్టోళ్ళు వచ్చినారు. సూసినారు. ‘ఇక్కడ ఎవులూ లేరు’ అన్నారు. అద్దు రాళ్ళేసీసినారు. అది రిజర్వు అడివంట.”

“మీరు సెప్పలేదా?”

“ఎందుకు సెప్పలేదు? మా మావ కాళ్ళ మీద పడ్డాడు. ‘నీదైతే పోడు కొట్టిన ఆనవాలు సూపించు’ అన్నారు. నిద్దరోతన్న కొండ మీద ఆనవాలేటుంటాది? పక్కకొండోడు యెదవ, నిద్దర లేకండా ఏటేటా కొట్టి కొండని సంపీసినాడు. ఆడి కొండ ఆడికి ఉండిపోయింది.” సోములమ్మ నవ్వింది గాని ఈసారి గొంతులో నవ్వు లేదు. “మీ ఏరు ఎన్నాళ్ళనించి నిద్దరోతంది అప్పా?”

అంబలి దొప్ప యర్రమ్మ చేతిలో ఒరిగి చీర మీద కారింది, ఆమె తుడుచుకోలేదు.

*

చాలా దూరం నడిచాక యర్రమ్మ ఆగింది.

“వరాలూ, నువ్వు బేగి ఎనక్కి ఎల్లిపో. గుంజ పీకీ. ఉన్న వలలన్నీ ఏట్లో కట్టించీ. సినిగినయ్యైనా సరే.”

వరహాలు ఆమెను వింతగా చూశాడు. “నాను పేటకి ఎల్లేసరికి ఆళ్ళు తీర్పు సెప్పీసుంటారు వొదినా. అయినా గుంజ పీకమంటన్నావేటి? ధనరాజు వల కాల్సినప్పుడు నువ్వేటన్నావో గుర్తున్నాదా?”

గుర్తుంది. ‘కట్టుబాటు మన కడుపుకన్న పెద్దది’ అంది. ఆ మాట అన్నప్పుడు ధనరాజు బూడిదవుతున్న వలను కాదు, అత్త ముఖాన్నే చూస్తున్నాడు.

“అయితే పద,” అంది. “మనమెందుకు వల తడపలేదో ఆళ్ళకి అర్దమయీలాగ సెప్తాను. మనుసులే గదా. అర్దమయితే నాయం సేత్తారు.”

ఆమె దగ్గర మిగిలిన ఆశ అంతే. దాన్ని పట్టుకునే లోయలోకి దిగింది.

*

బంగళా వరండాలో పెద్ద బల్ల మీద ఏటి పటం పరిచి ఉంది. గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా కాఫీ కప్పులు పెట్టారు. సంఘానికి అధ్యక్షుడైన దొర మధ్యలో కూర్చున్నాడు, తలనెరిసినవాడు, మర్యాదస్తుడు. పక్కన రేవు ఇంజినీరు, ఉప్పు కౌలుదారు, మునిసిపాలిటీ మెంబరు, కలప వర్తకుడు. సంఘానికి కార్యదర్శి సర్వేశ్వరరావు అనే తెలుగు ఉద్యోగి. దొరకు తెలుగువాళ్ళ మాటలు, తెలుగువాళ్ళకు దొర మాటలు చెప్పేది ఆయనే.

పటం మీద రంగురంగుల గీతలున్నాయి. లోతు చెయ్యవలసిన కాలువ నీలం; ఉప్పు మడులకు నీళ్ళు పోయే పాయ ఎరుపు; మురుగు దిగే చోటు గోధుమరంగు; దూలాలు నానే చోటు ఆకుపచ్చ. ఒకరి గీత మరొకరి గీతను ఎక్కడా దాటకుండా ఎంతో నేర్పుగా గీశారు. అన్ని నెలలపాటు వాళ్ళు నిజంగానే కష్టపడ్డారు. ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు, బేరమాడుకున్నారు, కొంత వదులుకున్నారు, కొంత సంపాదించుకున్నారు. యర్రమ్మకు పటం చదవడం రాదు గాని ఏటి వంపు ఆనవాలు పట్టింది. తమ వలలు కట్టే చోటు వెతికింది. అక్కడ నీలం ఉంది.

“చెప్పమ్మా,” అన్నాడు సర్వేశ్వరరావు. “భయపడకు.”

ఆమె భయపడలేదు. తగువు గుంజ అంటే ఏమిటో, ఎందుకు పాతుతారో, గుంజ ఉన్నప్పుడు వల తడపడం ఎందుకు దొంగతనమో, ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పింది. సంఘం మీద గౌరవంతోనే ఇన్నాళ్ళూ పస్తున్నామనీ, ఇప్పుడు తీర్పు చెప్పి గుంజ ఎత్తించండనీ చెప్పింది. సర్వేశ్వరరావు కూడా న్యాయంగానే ఇంగ్లీషులో చెప్పాడు. దాచలేదు, తిప్పలేదు. దొర ముందుకు వంగి శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు, అవి తెలివైన ప్రశ్నలు. చివరకు తల ఊపి ఏదో అన్నాడు.

“మీ కట్టుబాటు చాలా గొప్పదంటున్నారు దొరగారు,” అన్నాడు సర్వేశ్వరరావు. “ఇంత ధర్మబుద్ధి పట్నాల్లో కూడా చూడలేదంటున్నారు.”

యర్రమ్మ చేతులు జోడించింది. వరహాలు నిట్టూర్చాడు, అది తేలికపడ్డ నిట్టూర్పు.

అప్పుడు ఇంజినీరు తన కాగితం తీశాడు. అందులో ఉన్నది కూడా అబద్ధం కాదు. పుష్యం మొదలు చైత్రం దాకా తన లాంచి ప్రతివారమూ మొగలో తిరిగింది; ఒక్క వల కూడా కనబడలేదు. ఒకే ఒక మనిషి ఒకే ఒకసారి వల వేశాడు; అతని వలను అతని వాళ్ళే గట్టు మీద తగలబెట్టారు, ఆ పొగ లాంచిలోకి కూడా వచ్చింది. కనుక ఆ నీటిలో చేపల వేట లేదని తాను అనడంలేదు. ఆ నీటిలో వేట కూడదని వేటగాళ్ళే అంటున్నారు. ఇక ఈమె చెప్పినదాన్నిబట్టి మరొక సంగతి కూడా తేలుతోంది. నాలుగు నెలలు ఏట్లో దిగకుండా వాళ్ళు బతికారు. అంటే ఏరు లేకపోయినా బతకగలరు. రేవు పనిలో కూలి ఎలాగూ ఉంది.

సర్వేశ్వరరావు దీన్ని తెలుగులో చెబుతూ, చివరి వాక్యం దగ్గర గొంతు కాస్త తగ్గించాడు. ఆ మనిషి చేసిన ఉపకారం అదొక్కటే.

బతకడం కూడా తమ మీద సాక్ష్యంగా చెల్లుతుందని యర్రమ్మకు ఇంతవరకు తెలియదు. ఆ చలికాలపు ఆకలిలో ఎవరైనా చచ్చి ఉంటే ఏటి మీద హక్కు నిలిచేదేమో.

“బాబూ,” అంది, “పెద్దోళ్ళు తీర్పుకి కూకున్నాక కూడా మీరు తవ్వతానే ఉన్నారు. ఉప్పోళ్ళు నీళ్ళు తోడతానే ఉన్నారు. మురుగు పారతానే ఉన్నాది. గుంజ మాకొక్కలికేనా?”

“సంఘం నోటీసులో ఎవరినీ పని ఆపమని లేదమ్మా,” అన్నాడు సర్వేశ్వరరావు.

“మరి మమ్మల్ని?”

“మిమ్మల్ని కూడా ఆపమనలేదు.”

అతను వెక్కిరించలేదు. నిజమే చెప్పాడు. ఆ నిజం ఎంత నున్నగా ఉందంటే, పట్టుకోవడానికి దానికి ఎక్కడా అంచు లేదు.

“అయితే రేపే కడతాం. మా వలలన్నీ రేపే ఏట్లో కడతాం. ఆనవాలు సూపిత్తాం.”

సర్వేశ్వరరావు దొరతో మాట్లాడాడు. దొర విచారంగా తల ఆడించాడు. అతని విచారం కూడా నిజమైనదే.

“ఈ పూటతో లోతు కాలువ తీర్మానం అయిపోయిందమ్మా. ఇక మీదట ఆ కాలువలో వల కడితే అది ఆక్రమణ అవుతుంది, జరిమానా వేస్తారు. మొగ దాటి సముద్రంలో వేసుకోండి, సముద్రం ఎవరిదీ కాదు.”

ఏట్లో తిరిగే దోనెలు సముద్రపు కెరటం మీద ఒక్క క్షణం నిలవవని ఆమె చెప్పలేదు. చెబితే అర్థం చేసుకుంటారు; అర్థమయ్యాక ఏమవుతుందో ఇప్పుడే చూసింది. ఉప్పు కౌలుదారు అప్పటికే ఎర్రగీత ఇంకాస్త వెడల్పు కావాలని మొదలుపెట్టాడు. కలప వర్తకుడు ఆకుపచ్చ మీద వేలు పెట్టి ఒప్పుకోనన్నాడు. పటం మీదికి అందరి తలలూ ఒక్కసారి వంగాయి. అది వాళ్ళ వాళ్ళ తగువు.

ఆ గొడవలో ఒకటి మాత్రం యర్రమ్మకు తేటగా కనబడింది. తగువు గుంజ తప్పు కాదు. ఒకే నీళ్ళ మీద ఆకలి పడేవాళ్ళ మధ్య అది ఎన్నటికీ తప్పు కాదు. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ ఏరు ఎండిపోయినా ఒక్కడికి కూడా ఒక్క పూట అన్నం తప్పదు. వాళ్ళకోసం తాను గుంజ పాతింది. దాని ఎదుట అల్లుడి వల కాల్చింది.

నెత్తళ్ళ తట్టను వంటమనిషి లోపలికి తీసుకుపోబోయాడు. యర్రమ్మ అతని చేతినుంచి తీసేసుకుని నెత్తిన పెట్టుకుంది.

*

తిరిగి వచ్చేసరికి బాట మీద మాను దగ్గర సందడి ఎక్కువగా ఉంది. వేటకు పోయినవాళ్ళు దిగివస్తున్నారు. ఒక అడవిపందిని కర్రకు వేలాడదీసి నలుగురు మోసుకొస్తుంటే ఆడవాళ్ళు ఎదురెళ్ళి పాట ఎత్తుకున్నారు. వాళ్ళ వెనుక భీముడు అనే నడివయసు మనిషి వట్టి విల్లుతో దొంగలా పొదల చాటున వస్తున్నాడు. ఆడవాళ్ళు వదల్లేదు. వట్టి చేతులతో వచ్చినవాడికి పేడనీళ్ళ స్నానం అక్కడి ఆచారం. కుండలతో తరిమి తరిమి పోశారు.

“ఓరి సచ్చినోడా, కుందేలు పిల్లయినా దొరకలేదేటి? కుందేలు నిన్ను సూసి నవ్విందేటి?”

“నవ్వింది! మీలాగే నవ్వింది!” అని భీముడు కళ్ళు తుడుచుకుంటూ అరిచాడు. ఊరంతా గొల్లుమంది.

అదే ఊపులో ఒక గుంటపిల్ల వరహాలును చూసింది. “అదిగో, బంగళాకి ఏటకెల్లినోడు! ఏటి తెచ్చినావు మావా?”

వరహాలు నిలబడిపోయాడు. రెండు చేతులూ వట్టివని చూపించాడు. అంతకంటే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఆ గుంట కేక వేసి కుండ ఎత్తింది. యర్రమ్మ తట్ట కింద పెట్టి మరిదికి అడ్డంగా వచ్చింది.

“ఆడు కాదు. ఏట నాది. నా మీద పొయ్యండి.”

“ఆడోళ్ళ మీద పొయ్యరప్పా,” అంది ఆ గుంట నవ్వుతూనే. “ఆడోళ్ళు ఏటకెల్లరు గదా.”

“నాను ఎల్లినాను.”

పాట ఒక్కొక్క గొంతుగా ఆగింది. సోములమ్మ దగ్గరికి వచ్చి యర్రమ్మ ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. కొండకేసి కూడా చూడలేదు. గుంట చేతిలోని కుండలో వేళ్ళు ముంచి, యర్రమ్మ కుడి ముంజేతి మీద ఒక్కసారి రాసింది. గుంజకోసం నల్లగుడ్డ దింపిన చెయ్యి, వల కాల్చమని చూపించిన చెయ్యి అదే. తరవాత మానుకు అవతలి కొస తానే పట్టుకుని పక్కకు లాగింది. మామూలు అడగలేదు. యర్రమ్మ తట్టలోని నెత్తళ్ళన్నీ ఆ మాను మీద కుమ్మరించి దాటింది.

ఘాటీ దిగుతుండగా దూరాన మైదానం, దాని అంచున సన్నని వెలుగుచార కనబడ్డాయి. అది ఏరో, సముద్రమో అంత దూరంనుంచి తెలియదు.

“పేటలో ఏటి సెప్తాం వొదినా?” అన్నాడు వరహాలు.

“ఉన్నదే సెప్తాం. ముందు ధనరాజుకి సెప్తాను.”

“ఆడు నీతో మాటాడడు గదా.”

“ఆడు మాటాడక్కర్లేదు,” అంది. “నాను సెప్తాను. గుంజ కూడా నానే పీకుతాను.”

వరహాలు దారిలో వాగు కనబడ్డప్పుడల్లా ఆగి, చెయ్యి కడుక్కోమన్నట్టు చూశాడు. ఆమె ఆగలేదు. శృంగవరపుకోట చేరేసరికి పేడ ఎండి, ముంజేతి మీద చర్మాన్ని బిగించి పట్టుకుంది.